మన పుస్తకం అమ్మే పేజీ ఎవరి కోసం?



నన్ను ఇక్కడికి పిలిచింది నా ఈబుక్ బాగా అమ్ముడైందని కాదు, మొదట్లో అస్సలు అమ్ముడుపోలేదని. సాంఘిక సంక్షేమ హాస్టళ్ల మీద నా పరిశోధనను తెలుగులో ఈబుక్‌గా వేసుకుని, అమ్మడానికి ఒక పేజీ పెట్టాను. మొదటి నెల 11 కాపీలు పోయాయి. అందులో 9 స్నేహితులవే.

కారణం మా చెల్లెలు చెప్పింది. తను హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఫోన్‌లో పేజీ తెరిచి, బొటనవేలితో పైకి తోసుకుంటూ పోయి, "అన్నా, ఇంతకీ పుస్తకం ఎక్కడుంది?" అంది. పైన నా ఫొటో, కింద డిగ్రీలు, ఆ కింద ఒక ప్రొఫెసర్ గారి పొడవాటి ముందుమాట. "ఇది ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తులా ఉంది" అంది. నవ్వాను గానీ ఆ మాట గుచ్చుకుంది. సర్టిఫికెట్ చూపించకుండా మన ఇళ్లలో ఎవరికి ఏ తలుపు తెరుచుకుంది? ఆ అలవాటుతో నా సొంత గుమ్మానికి కూడా సర్టిఫికెట్లే వేలాడదీశాను.

అవన్నీ కిందికి దించాను. పైన ముఖచిత్రం, దాని పక్కన రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలకే వారం పట్టింది. మొదట "ఒక విశ్లేషణాత్మక అధ్యయనం" అని రాశాను, నాకే నిద్రొచ్చింది. మార్కెటింగ్ తెలిసిన మిత్రుడు "చదివితే కన్నీళ్లు ఆగవు" అని పెట్టమన్నాడు. దానికి ఒప్పుకోలేదు. పిల్లల ఆకలిని చూపించి బేరం చేయలేను. చివరికి ఇలా రాశాను: "మెస్‌కి వచ్చే డబ్బు కంచం దాకా చేరేసరికి ఎంత మిగులుతుంది? 6 హాస్టళ్లలో తిరిగి రాసిన పుస్తకం."

మొదటి అధ్యాయం మొత్తం ఉచితంగా చదవనిచ్చాను, ఈమెయిల్ అడగకుండా. పీడీఎఫ్ ఏ4 సైజులో ఉండడంతో ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపించేవి. ఈపబ్ చేద్దామంటే నా టైపింగంతా పాత అను ఫాంట్లలో ఉంది. యూనికోడ్‌లోకి మార్చి, విరిగిన ఒత్తులు దిద్దుకునేసరికి నెల పోయింది. మీరు మొదటి నుంచే యూనికోడ్‌లో టైప్ చేయండి.

ఇంకో తెలివితక్కువ పని, క్యూఆర్ కోడ్ పెట్టడం. పేజీ చూసేది ఫోన్‌లో అయితే, అదే ఫోన్‌తో దాన్ని స్కాన్ చేసేదెలా? ఇప్పుడు నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకునే బటన్ పెట్టాను. డబ్బు కట్టాక ఫైల్ ఎక్కడికి వస్తుందో దాని కిందే రాశాను.

అమ్మకాలు పెరిగాయి. ఏ మార్పు వల్లో మాత్రం చెప్పలేను. అన్నీ ఒకేసారి మార్చేశాను మరి. మీరు ఒక్కొక్కటిగా మార్చి చూడండి.

ఇక ధర. మన పుస్తకం మనమే అమ్ముకుంటే ప్రచార యావ అంటారని భయం. బాబాసాహెబ్‌కీ అది తప్పలేదు. 1936లో లాహోర్‌కు చెందిన జాత్-పాత్ తోడక్ మండల్ తన సభను రద్దు చేసుకుంటే, ఆయన ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు వేశారు. అదే 'కులనిర్మూలన'. మండల్‌తో నడిచిన ఉత్తరాలను ముందే అచ్చువేసి, తీర్పు పాఠకులకు వదిలేశారు. ధర 8 అణాలు. గాంధీ 'హరిజన్'లో దాన్ని 2 అణాలకో, కనీసం 4 అణాలకో తగ్గించమన్నారు. ప్రతులు మాత్రం 2 నెలల్లో అయిపోయాయి.

నేను రూ. 100 పెట్టాను. హాస్టల్ విద్యార్థులు ఐడీ కార్డు పంపితే ఉచితం అని కూడా రాశాను. "మళ్లీ సర్టిఫికెట్టేనా అన్నా?" అంది చెల్లెలు. ఆ వాక్యం తీసేశాను. ఇప్పుడు రెండు బటన్లున్నాయి, ఒకటి రూ. 100, రెండోది ఉచితం. ఏది నొక్కినా ఎవరినీ ఏమీ అడగదు.

సరే, ఇక మీ పేజీలు తెరవండి. ల్యాప్‌టాప్‌లు మూసేసి, ఫోన్లలో చూద్దాం. ముందు వెనక వరుస నుంచి.