చనిపోయిన శత్రువు ఫోటో ఎవరి కోసం?



ఈవేళ నేను మాట్లాడబోయే విషయం వినగానే "ఇదేమిటమ్మా, ఆడవాళ్ళ కార్యక్రమంలో శవాల గొడవ!" అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. శత్రువును చంపిన ప్రభుత్వం అతని శవం ఫోటోను లోకానికి చూపించవచ్చునా, కూడదా అన్నది ప్రశ్న. ఇది మంత్రులూ, సేనాధిపతులూ తేల్చుకోవలసిన సంగతి, మనకెందుకు అంటారేమో. కానీ ఒక్కమాట చెప్పండి. ఆ ఫోటో చివరికి వచ్చి పడేదెక్కడ? మన గుమ్మంలో, పాలప్యాకెట్టు పక్కన. దాన్ని ముందుగా విప్పి చూసేదెవరు? చాలా ఇళ్ళల్లో పిల్లలే. క్రికెట్ స్కోరు కోసమో, సినిమా బొమ్మల కోసమో.

2003 జూలైలో మా ఇంట్లో అదే జరిగింది. ఆ నెల 22న ఇరాక్‌లోని మోసుల్ నగరంలో సద్దాం హుసేన్ కొడుకులు ఉదయ్, ఖుసయ్‌లను అమెరికా సైన్యం చంపింది. రెండు రోజుల తర్వాత, గాయాలతో వున్న ఆ ముఖాల ఫోటోలను విడుదల చేసింది. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. అప్పుడు మూడో తరగతి చదువుతున్న మా చిన్నవాడు పేపరు పట్టుకొచ్చి "అమ్మా, వీళ్ళు నిద్రపోతున్నారా?" అన్నాడు. నేను పేపరు లాక్కుని మడిచి ఫ్రిజ్ మీద పెట్టేశాను. వాడు వూరుకుంటేనా! "వీళ్ళమ్మ చూసిందా ఈ ఫోటో?" అనడిగాడు. నాకు జవాబు తోచలేదు. ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ అన్నదమ్ములు మంచివాళ్ళని నేననడం లేదు. ఆటలో ఓడి వచ్చిన క్రీడాకారులను ఉదయ్ కొట్టించేవాడని ఆ ఆటగాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. ఏళ్ళ తరబడి భయంతో బతికిన ప్రజలకు వాళ్ళిక తిరిగిరారన్న నమ్మకం కలగాలి, అందుకే చూపిస్తున్నామని అమెరికా ప్రభుత్వం చెప్పింది. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. వాళ్ళ పాలనలో కొడుకును పోగొట్టుకున్న తల్లి "నిజంగా చచ్చారా? రుజువేదీ?" అని అడిగితే అందులో తప్పేముంది?

అయితే అదే సంవత్సరం మార్చిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పట్టుబడిన అమెరికా సైనికులనూ, చనిపోయినవాళ్ళనూ ఇరాక్ టెలివిజన్ చూపించింది. అప్పుడు అమెరికా పెద్దలు మండిపడ్డారు. ఇది జెనీవా ఒప్పందాలకు విరుద్ధమన్నారు. నిజమే, చనిపోయినవారిని దోపిడీకి గురికాకుండా కాపాడాలనీ, గౌరవంగా ఖననం చెయ్యాలనీ 1949 నాటి ఆ ఒప్పందాల్లో వుంది. మరి నాలుగు నెలలు తిరిగేసరికి అదంతా ఏమైంది? మన బిడ్డ ఫోటో అయితే అవమానమూ, పొరుగింటి బిడ్డదైతే రుజువూనా? వీధికుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఇలా మాట్లాడితే మనమే మందలిస్తామే!

పోనీ, చూపించినవాళ్ళు అనుకున్నది సాధిస్తారా అంటే అదీ లేదు. 1967 అక్టోబరు 9న బొలీవియా దేశంలో, పట్టుబడిన చే గువేరాను కాల్చి చంపారు. మర్నాడు వాయెగ్రాందే అనే వూళ్ళో ఆసుపత్రి వెనక బట్టలు వుతికే చోట, తొట్టి మీద శవాన్ని పడుకోబెట్టి పత్రికలవాళ్ళను పిలిచి చూపించారు. ఇతని కథ ముగిసిందని జనం నమ్మాలని వాళ్ళ ఉద్దేశం. కళ్ళు తెరిచి వున్న ఆ ముఖాన్ని చూసినవాళ్ళలో చాలామందికి ఏసుక్రీస్తు చిత్రం గుర్తుకొచ్చింది. ముగిసిందనుకున్న కథ అక్కడే మొదలైంది. ఇంకో సంగతి చూడండి. శవాన్ని అందరికీ చూపించిన ఆ ప్రభుత్వమే సమాధిని మాత్రం రహస్యంగా వుంచింది. ఎముకలు బయటపడింది 1997లో. లోకమంతా ఫోటో చూసింది కానీ, ఇంటివాళ్ళకు పువ్వు పెట్టుకునేందుకు చోటు ముప్ఫయ్యేళ్ళ దాకా తెలియలేదు. అంటే ఆ ఫోటో ఎవరి కోసమన్నట్టు?

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా వుంది. 2011 మే 2న పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్‌ను అమెరికా సైనికులు చంపారు. ఫోటోలు తీశారు. ఎనిమిదేళ్ళ కిందట సద్దాం కొడుకుల ఫోటోలు చూపించిన దేశమే ఈసారి చూపించలేదు. అవి బయటికొస్తే పగలు రగులుతాయనీ, చంపినవాణ్ణి ప్రదర్శనకు పెట్టడం తమకు తగదనీ అధ్యక్షుడు ఒబామా అన్నాడు. కొందరు కోర్టుకెక్కినా, ఫోటోలు ఇవ్వనక్కరలేదని 2013లో అక్కడి అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఫోటో లేకపోతే ఎవరు నమ్ముతారన్నారు చాలామంది. కానీ నాలుగు రోజులు గడవకుండానే తమ నాయకుడు పోయాడని అల్‌ఖైదావాళ్ళే ప్రకటించారు. నమ్మనివాళ్ళు ఇప్పటికీ వుండవచ్చు. ఫోటో చూపిస్తే మాత్రం వాళ్ళు నమ్ముతారా? ఫోటోనే దొంగదంటారు.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఇది. ఫోటో తియ్యడం వేరు, చాటింపు వెయ్యడం వేరు. మన దేశంలో పోలీసు ఎన్‌కౌంటర్లలో చనిపోయినవారి విషయమై 2014లో సుప్రీంకోర్టు కొన్ని నియమాలు పెట్టింది. మనిషిని గుర్తించడానికి రంగుల ఫోటోలు తియ్యాలంది. పోస్టుమార్టం వీడియో తీసి భద్రపరచాలంది. బంధువులకు వీలైనంత త్వరగా కబురు చెయ్యాలంది. చూశారా, ఫోటో వద్దనలేదు. తీసి, దర్యాప్తు చేసేవాళ్ళ కోసం దాచమంది. ముందు ఇంటివాళ్ళకు చెప్పమంది. మన తెలుగు జిల్లాల్లో ఎన్‌కౌంటర్ వార్తలు కొత్తేమీ కాదు. కబురు రాకముందే పేపరులో బొమ్మ చూసి బిడ్డ పోయాడని తెలుసుకోవలసి వస్తే ఆ కన్నకడుపు ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆ బిడ్డ ఏ తప్పు చేసినా, ఆ తల్లి చేసిన తప్పేమిటి?

భారతంలో తొడలు విరిగి పడివున్న దుర్యోధనుడి తలను భీముడు కాలితో తన్నాడు. భీముడి కోపానికి కారణాలు లేవా? నిండుసభలో ద్రౌపదికి జరిగిన అవమానం చాలదూ? అయినా ధర్మరాజు తమ్ముణ్ణి మందలించాడు. గెలిచినవాడు ఎలా వుండాలో అన్నగా చెప్పవలసిన బాధ్యత ఆయనది. రావణుడు కూలిన తర్వాత, పగ చావుతో సరి అని చెప్పి, విభీషణుడిచేత అన్నకు అంత్యక్రియలు చేయించాడు రాముడు. ఈ కథలు చెప్పి పిల్లలకు అన్నాలు పెట్టినవాళ్ళం మనం. ప్రభుత్వం నుంచి ఆ మాత్రం ధర్మం కోరడం అత్యాశా?

ప్రభుత్వాల మాట అలా వుంచండి. ఇప్పుడు పేపరు దాకా కూడా అక్కరలేదు. ఇలాంటి ఫోటోలు మన సెల్‌ఫోన్లోకే వస్తున్నాయి. "భలే అయింది వాడికి" అని రాసి పదిమందికి పంపేవాళ్ళలో మన చుట్టాలూ, అప్పుడప్పుడూ మనమూ వుంటున్నాం. ఈసారి అలాంటిది వస్తే పంపించేముందు ఒక్క క్షణం ఆగండి. ఇది చూసి న్యాయం పొందేది ఎవరు? గుండె పగిలేది ఎవరికి? ఈ రెండు ప్రశ్నలూ వేసుకోండి. ఫోటో మీ దగ్గరే ఆగిపోతుంది.

మావాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఆ పేపరు సంగతి వాడికి గుర్తుందో లేదో నేనడగలేదు. అడిగితే ఆనాటి ప్రశ్నే మళ్ళీ వేస్తాడేమో. ఈసారి నా దగ్గర జవాబుంది. "చూసే వుంటుంది నాయనా. అందుకే మనం చూడకూడదు" అని చెబుతాను.