కోట పోయినా కాగితం ఉంటుంది
(సూరత్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడి తాపీ ఒడ్డున ఉన్న కోటను 16వ శతాబ్దంలో, సముద్రం మీదుగా వచ్చే పోర్చుగీసు దాడులను ఆపడానికి కట్టారు. నేనిప్పుడు చెప్పబోయే కోటలు వేరు. బయటి నుంచి వచ్చినవాళ్లు ఇంకొకరి నేల మీద కట్టుకున్నవి.

అమెరికాలో మోంటానా బంగారు గనులకు పోయే బోజ్‌మన్ దారి లకోటాల వేట భూముల గుండా సాగేది. ఆ దారి కాపలాకు 1866లో సైన్యం ఫోర్ట్ ఫిల్ కెర్నీ, ఫోర్ట్ సి.ఎఫ్. స్మిత్ కట్టింది. రెడ్ క్లౌడ్ నాయకత్వంలో లకోటాలు తిరగబడ్డారు. ఆ ఏడాది డిసెంబర్ 21న ఒక్కరోజే సైన్యం వైపు 81 మంది చనిపోయారు. 1868లో ప్రభుత్వం దిగొచ్చి కోటలు ఖాళీ చేసింది. బ్లాక్ హిల్స్ లకోటాలవేనని ఫోర్ట్ లారమీ ఒప్పందంలో రాసిచ్చింది. 1874లో అక్కడ బంగారం కనబడింది. 1877లో చట్టం చేసి ఆ కొండలను లాక్కుంది.

మన మన్యంలోనూ గొడవ దారితోనే ముడిపడింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును అడ్డుకుంది. ఆ తర్వాత గూడెం తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం-చింతపల్లి రోడ్డు పనికి ఆదివాసులతో వెట్టి చేయించాడు. ఇక్కడ కోట అంటే పోలీసు స్టేషనే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి, గాం గంటం దొర, మల్లు దొరల దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. సర్కారు మలబార్ స్పెషల్ పోలీసును, అస్సాం రైఫిల్స్‌ను దింపింది.

తుపాకులు ఆగాక మిగిలేది కాగితం. బ్లాక్ హిల్స్‌కు పరిహారం చెల్లించాలని 1980లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. లకోటాలు ఆ డబ్బు ముట్టలేదు. తమ భూమి అమ్మకానికి లేదన్నారు. మనకు ఐదో షెడ్యూల్ ఉంది, 1/70 ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర కంపెనీకి గని లీజు ఇవ్వరాదన్న 1997 సమతా తీర్పు ఉంది. అయితే 1868 ఒప్పందమూ కాగితమే. కాపలా కాసేవాళ్లు లేకపోతే ఏ కాగితమైనా తొమ్మిదేళ్లలో చిరిగిపోతుంది.

మీలో చాలామంది పెద్దలు మగ్గం పని కోసం ఇక్కడికొచ్చారు. పొట్ట చేతబట్టుకుని వలస రావడం వేరు, సైన్యాన్ని వెంటబెట్టుకుని వచ్చి నేల కాజేయడం వేరు. పక్కనున్న తాపీ, డాంగ్ జిల్లాలూ ఐదో షెడ్యూల్ ప్రాంతాలే. పరిశోధనకు అంశం వెతుక్కునే మిత్రులు అక్కడి భూమి రికార్డులు చదవండి. ఎవరి పేరున ఉన్న భూమి ఎవరి చేతికి, ఏ జీవోతో పోయిందో రాయండి. ఈనాటి కాపలా అదే.

జై భీమ్.