పెట్రోలు ఖర్చు రాస్తాం, బ్రేకు ఖర్చు రాయం

(ధర్మవరంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని పిలిచారు. నేను బ్రేకుల గురించి మాట్లాడతాను. రెండింటికీ సంబంధం ఉందని కిందపడ్డాకే నాకు తెలిసింది.

ఊరూరా తిరగడానికి నాకున్నది పాత హీరో హోండా సీడీ 100. వెనుక బ్రేకు సరిగ్గా పట్టడం లేదని మెకానిక్ దగ్గరికి వెళ్తే, "ఇంట్లో మగోళ్లను పంపక్కా, వాళ్లకు చెప్తా" అన్నాడు. అవమానమనిపించి మళ్లీ వెళ్లలేదు. బండి మాత్రం నడుపుతూనే ఉన్నాను.

ఒకరోజు పెనుకొండ నుంచి వస్తుంటే గొర్రెల మంద అడ్డం వచ్చింది. బండి ఆగలేదు. నాకు చేతులు గీసుకుపోయాయి, అంతే. వెనుక కూర్చున్న చేనేత కార్మికురాలికి మోకాలు దెబ్బతింది. గుంటమగ్గం కాళ్లతో తొక్కాలి కదా! ఆసుపత్రి ఖర్చు సంస్థ ఇచ్చింది. ఆమె పోగొట్టుకున్న నెల కూలి ఎవరూ ఇవ్వలేదు. కూలిరేట్ల గురించి మాట్లాడడానికి ఆమెను తీసుకెళ్లింది నేనే.

ఇప్పుడు అనంతపురం, గుత్తి, డోన్ మీదుగా కర్నూలు సమావేశానికి వెళ్లాలి. లారీల రోడ్డు. అందుకే పది రోజుల ముందే వేరే మెకానిక్ పక్కన కూర్చుని పని నేర్చుకున్నాను. చక్రం విప్పితే బ్రేకు షూల లైనింగు అరిగిపోయి ఉంది. దుమ్ము నోటితో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు ముప్పు. తడిగుడ్డతో తుడిచాం. షూలు రెండూ కలిపే మార్చాం. వాటిని విచ్చదీసే క్యామ్‌కు గ్రీజు కొద్దిగానే పూయాలి. లైనింగుకు అంటితే బ్రేకు పట్టదు. ముందు బ్రేకు కేబులు పోగులు తెగి ఉంటే కొత్తది వేశాం. వెనుక నట్టు తిప్పి పెడల్‌కు రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉంచాం. అదీ లేకపోతే షూలు ఒరుసుకుని వేడెక్కుతాయి. కొత్త షూలు డ్రమ్ముకు సర్దుకోవాలి గనుక వారం రోజులు ఊళ్లోనే నెమ్మదిగా తిప్పాను.

1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను ఒకసారి చూడండి. లోపం తెలిసీ ప్రమాదకరమైన బండిని రోడ్డెక్కించడం నేరం. అది నడిపినవారికే కాదు, నడపనిచ్చినవారికీ వర్తిస్తుంది. మన సంస్థల బడ్జెట్లలో పెట్రోలుకు పద్దు ఉంది, మరమ్మతుకు ఉందా? ఈ ప్రశ్న మీకూ నాకూ కూడా.

1990ల మొదట్లో పుదుక్కోట్టైలో అక్షరోద్యమం వేలాది స్త్రీలను సైకిలెక్కించింది. కదలడం మన హక్కు. మనల్ని నమ్మి వెనుక కూర్చున్న మనిషిని క్షేమంగా దించడం మన బాధ్యత.