మగ్గము నుండి మండలి దాక

అడుగనిదే అమ్మయైనను పెట్టదని పెద్దల మాట. పన్నుల విషయమున ఈ సామెతకు మరి రెండు మాటలు చేర్చవలసియున్నది. ఏమి అడుగవలెనో తెలియవలెను. ఎవరిని అడుగవలెనో తెలియవలెను. ఈ రెండును తెలియక అడిగినచో గొంతు బొంగురుపోవునే కాని పని నెరవేరదు. దేశమంతటికి వర్తించు పన్నును మార్పింపవలెనన్న, మారుమూల ఊరివారు చేయగలిగినది ఏమైన కలదా? కలదనియే మా అభిప్రాయము. అది ఎట్టిదో నేటి ప్రసంగములో మనవి చేయదలచితిమి.

మాటలు గాలిలో తేలిపోకుండ మూడు ఊళ్ళను ఎదుట పెట్టుకొందము. ఒకటి మదనపల్లె. 1919లో రవీంద్రనాథ ఠాకూరు ‘జనగణమన’ గీతమును ఇచటనే ఇంగ్లీషులోనికి అనువదించిరని చదువుకొన్నవారెల్ల ఎరుగుదురు. టమాటా వర్తకమునకు ఈ ఊరు పెట్టినది పేరు. దాని చెంతనున్న నీరుగట్టువారిపల్లె పట్టుచీరల మగ్గములకు ప్రసిద్ధము. రెండవది పుంగనూరు. ఊరి పేర వెలసిన పొట్టి ఆవులకే కాక చింతపండు వర్తకమునకును ఆ ఊరు పేరుగన్నది. మూడవది కుప్పము. ఆంధ్ర, తమిళ, కన్నడ సీమలు మూడును ఒరసికొనుచోట నున్న ఊరు. మల్బరి ఆకు కోసి పట్టుపురుగులను పెంచు సంసారములు ఆ చుట్టుపట్ల పెక్కులు.

ఈ మూడు ఊళ్ళ సరకులును వస్తు సేవల పన్ను పట్టికలో ఎచట కూర్చున్నవో చూడుడు. పచ్చి టమాటాకు పన్ను లేదు. అదియే రసమై సీసాలోనికి దిగినచో పన్ను పడును. ఆ పన్ను 2025 సెప్టెంబరు దాక 12 శాతముండి, పిదప 5 శాతమైనది. కుప్పములో రైతు అమ్ము పట్టుగూటికి పన్ను లేదు. ఆ గూటి నుండి తీసిన ముడిపట్టుకును లేదు. దానిని పురిపెట్టి నూలు చేసినంతనే 5 శాతము; ఆ నూలును మగ్గమెక్కించి చీర నేసినచో మరల 5 శాతము. చేయి పెట్టిన కొలది పన్ను పెరుగుచున్నదన్నమాట. చేతిపనియే బ్రతుకుతెరువైన వారికి ఇది ఆలోచింపదగిన విషయము.

పట్టికలోని అంకెలు శిలాశాసనములు కావు. చింతపండు కథయే ఇందుకు సాక్ష్యము. 2017 జూలై 1న ఈ పన్ను దేశమంతట అమలునకు వచ్చినపుడు ఎండు చింతపండు 12 శాతపు వరుసలో నుండెను. ఆ సెప్టెంబరు 9న హైదరాబాదులో సమావేశమైన మండలి దానిని 5 శాతమునకు దింపినది. 2019 సెప్టెంబరు 20న గోవాలో కూర్చున్న మండలి ఆ అయిదింటిని గూడ తీసివేసినది. ఆనాడే విస్తరాకుల మీది పన్నును పోయినది. ఇది ఏ ఒక్క ఊరి మొర వలననో జరిగినదని మేము చెప్పుట లేదు. రెండేండ్లు, రెండు మెట్లు పట్టినవని మాత్రము గుర్తుంచుకొందము. స్త్రీలు నెలసరి దినములలో వాడు శానిటరీ నాప్‌కిన్లపై 12 శాతము పన్ను వలదని దేశమంతట స్త్రీలు సంతకములు సేకరించిరి, న్యాయస్థానముల తలుపులు తట్టిరి. 2018 జూలైలో ఆ పన్ను తొలగినది.

ఇక చేనేత. ఒకప్పుడు ఈ దేశమున పన్ను నడక మరియొక విధముగా నుండెను. 1953లో పార్లమెంటు చేసిన చట్టమొకటి మిల్లుబట్టపై అదనపు ఎక్సైజు సుంకము విధించి, ఆ సొమ్మును ఖద్దరు, చేనేత పరిశ్రమల అభివృద్ధికి వినియోగింపవలెనని చెప్పినది. అనగా మర చెల్లించిన పన్ను మగ్గమునకు ఆసరా అయినది. 2017లో మరబట్టతోపాటు చేనేతయు 5 శాతపు పన్ను క్రిందికి వచ్చినది. ఆ సెప్టెంబరులోనే ఖాదీ గ్రామోద్యోగ సంఘపు అంగళ్ళలో అమ్ముడగు ఖాదీ బట్టకు పన్ను తీసివేసిరి. చేనేత బట్టకు తీయలేదు. 2019-20 నాటి నాల్గవ అఖిలభారత చేనేత గణన ప్రకారము ఈ వృత్తిలో నున్నవారు 35 లక్షలకు పైబడియున్నారు. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. మూడింట రెండు వంతుల కుటుంబముల నెలసరి రాబడి 5,000 రూపాయలకు లోపే. ఇట్టి ఇంట నూరు రూపాయలు చిన్న మొత్తము కాదు.

వారి పక్షమున ప్రయత్నములు జరుగకపోలేదు. 2017లో పొరుగున కర్ణాటకమున రంగస్థల ప్రముఖులు ప్రసన్న నాయకత్వమున, చేతితో చేసిన వస్తువులకు పన్ను వలదని సత్యాగ్రహము నడచినది. బెంగుళూరులో వారు నిరాహార దీక్ష గూడ పూనిరి. 2022 జనవరి 1 నుండి బట్టల పన్నును 5 నుండి 12 శాతమునకు పెంచవలెనని నిర్ణయము వెలువడగా, పలు రాష్ట్రములు, వర్తక సంఘములు అభ్యంతరము చెప్పుటచే, గడువునకు ముందునాడే మండలి సమావేశమై ఆ పెంపును నిలిపివేసినది. 2022 అక్టోబరులో తెలంగాణమున అప్పటి చేనేత శాఖ మంత్రి కె. తారకరామారావు ప్రధానమంత్రికి పోస్టుకార్డు వ్రాసి, అందరిని వ్రాయుడని కోరిరి. 2025 సెప్టెంబరు 3న మండలి పన్ను వరుసలను చాలవరకు 5, 18 శాతములుగా కుదించినపుడు కృత్రిమ నూలు పన్ను తగ్గినది. చేనేత బట్ట మాత్రము అయిదింటనే నిలిచినది. పెంపు ఆగినది గాని, మినహాయింపు రాలేదు. ఎందువలన?

ఒక కారణము మన కోరికలోనే యున్నదని మాకు తోచుచున్నది. ‘చేనేతపై పన్ను వలదు’ అను నినాదము వినుటకు సొంపైనదే. కాని లెక్క వేసి చూడుడు. ఒక చీరకు 2,000 రూపాయల నూలు పట్టినదనుకొందము. నూలుపై పన్ను 100 రూపాయలు. చీర ధర 5,000 అనుకొన్న, దానిపై పన్ను 250. పన్ను నమోదు గల వర్తకుడు నూలుకు కట్టిన 100 మినహాయించుకొని, మిగిలిన 150 సర్కారునకు కట్టును. చీరపై పన్ను తీసివేసినామనుకొందము. అప్పుడు మినహాయించుకొను వీలు పోవును గనుక నూలుకు కట్టిన 100 ధరలోనే కలిసిపోవును. కొనువానికి 250 తగ్గవలసినది 150 మాత్రమే తగ్గును.

సొంత మగ్గము పెట్టుకొని నేయు చిన్నవాని సంగతి ఇంకను వేరు. సాలుకు 40 లక్షల లోపు సరకు అమ్మువారు ఆంధ్రప్రదేశములో సాధారణముగా ఈ పన్నుకు నమోదు కానక్కరలేదు. అతడు చీరపై పన్ను వసూలు చేయడు; కాని నూలు కొన్నప్పుడు 100 రూపాయలు కట్టకతప్పదు, అవి తిరిగి రావు. చీరపై పన్ను తీసినను అతనికి ఒరుగునది లేదు; నూలుపై తీసినచో ఒరుగును. కూలికి నేయువానికి నూలు యజమానిదే, చీరయు యజమానిదే. పన్ను తగ్గినచో అతని కూలి పెరుగునని చట్టము చెప్పదు. ఆ మాట యజమానితో విడిగా తేల్చుకొనవలసినదే.

కావున ఉద్యమమునకు మొదటి మెట్టు ఊరేగింపు కాదు. వీధి అరుగుమీది ముచ్చట. నీరుగట్టువారిపల్లె వంటి చోట సొంత మగ్గమువారు, కూలి నేతగాండ్రు, సహకార సంఘమువారు, చీరల వర్తకులు ఒకచోట కూర్చుండి ఎవరికి ఏది బరువో చెప్పుకొనవలెను. కండెలు చుట్టు స్త్రీలను, ఆసు పోయు స్త్రీలను ఆ కూటమునకు తప్పక పిలువవలెను. గణనలో వారిదే పెద్ద పాలు. సభలలో మాత్రము వారి గొంతు వినబడుట అరుదు.

రెండవ మెట్టు కాగితములు. నూలు, జరీ, రంగు కొన్న రసీదులను ఆరు నెలలపాటు దాచి, ఒక మగ్గము మీద సాలుకు ఎంత పన్ను పడినదో కూడికలు వేయవలెను. నూరు మగ్గముల లెక్క నూరు ప్రసంగముల కంటె బలమైనది. అధికారి ముందు కన్నీటికి జాలి దొరకవచ్చును. లెక్కకు జవాబు దొరుకును.

మూడవ మెట్టు కోరికను ఒక్క పుటలో ఇమిడించుట. చేనేత బట్టకు మినహాయింపు కోరుదుమా, చేనేతకు పోవు నూలు పన్నును తిరిగి ఇప్పింపుడని కోరుదుమా, రెండును కోరుదుమా? ఏది కోరినను చదువువానికి సందేహము మిగులరాదు.

నాల్గవది, ఎవరిని అడుగుట? రాజ్యాంగమునకు 2016లో జరిగిన నూటయొకటవ సవరణ వలన ఏర్పడిన జీఎస్టీ మండలియే పన్ను మార్పులకు సిఫారసు చేయును. కేంద్ర ఆర్థికమంత్రి దానికి అధ్యక్షులు. ప్రతి రాష్ట్రము నుండి ఒక మంత్రి సభ్యుడు. ఓటు బరువులో మూడవ వంతు కేంద్రమునకు, రెండు వంతులు రాష్ట్రములన్నిటికిని. తీర్మానము నెగ్గుటకు నాలుగింట మూడు వంతుల బరువు కావలెను. కేంద్రము కాదన్నచో రాష్ట్రములన్నియు కలిసినను చాలదు. కేంద్రమొక్కటియే ఔనన్నను చాలదు. ఆచరణములో మండలి ఓటింగు జోలికి పోక ఏకాభిప్రాయముతోనే నడచుచు వచ్చినది; 2019 డిసెంబరులో లాటరీల పన్ను గూర్చి ఓటు వేయుట దాని చరిత్రలో మొదటిసారి. మండలికి పోవుటకు ముందు, కేంద్ర రాష్ట్రముల పన్ను అధికారులు గల ఫిట్‌మెంటు కమిటీ అంకెలను పరిశీలించును. పైన చెప్పిన రసీదుల లెక్క చేరవలసినది ఆ బల్లమీదికే.

ఇచట మన మూడు ఊళ్ళ ఉనికియే ఒక బలము. మదనపల్లె, పుంగనూరు రాజంపేట లోక్‌సభా నియోజకవర్గములోనివి, కుప్పము చిత్తూరులోనిది. మూడు ఊళ్ళు కలిసి అడిగినచో ఇద్దరు పార్లమెంటు సభ్యులు వినవలసివచ్చును. పట్టుగూటి రైతు, పట్టునేతగాడు ఒకే దారపు రెండు కొనలు. చీర అమ్ముడుపోకున్నచో గూటికి ధర పలుకదు. కుప్పము పొలిమేర దాటిన తమిళనాడు, కర్ణాటకము. కంచిలోను, ఆరణిలోను మగ్గములున్నవి. కన్నడ సీమలోను ఉన్నవి. మండలిలో ఒక్క రాష్ట్రపు మాట చాలదు గనుక, ఒకే పుట కోరికను మూడు భాషలలో వ్రాసి మూడు రాష్ట్రముల ఆర్థికమంత్రులకు ఒకే నెలలో అందజేయగలిగిన, అది వేయి పోస్టుకార్డుల పెట్టు. ఆ పని మొదలిడుటకు కుప్పము కంటె తగిన ఊరు వేరొకటి కలదా?

ఎదురు ప్రశ్నలకు జవాబు గూడ చేత నుండవలెను. మరనేతను చేనేతయని అమ్మి మినహాయింపు కాజేయువారిని పట్టుటెట్లని అధికారి అడుగును. 2006 నుండి హ్యాండ్లూమ్ మార్కు అను ముద్ర కలదు. ఆ ముద్ర గల బట్టకే మినహాయింపు చాలునని చెప్పవచ్చును. అట్లు చెప్పుటకు ముందు మన మగ్గములకు ఆ ముద్ర వేయించుకొనవలెను. ఖజానాకు నష్టము కాదా యని మరియొక ప్రశ్న. పన్ను సొమ్ముతోనే బడులు, ఆసుపత్రులు నడచుచున్నవి. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. మగ్గము మూతపడినచో ఆ కుటుంబమును నిలుపుటకు సర్కారు పెట్టు ఖర్చు ఎంతయో, అదియు లెక్కలో చేర్చి చూపవలెను. 2025 ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవమున ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి చేనేత బట్టల మీది 5 శాతమును రాష్ట్రమే భరించునని ప్రకటించిరి. ఇది ఊరట. కాని భరించుట వేరు, తొలగించుట వేరు. మొదటిది బడ్జెటును బట్టి యుండును. రెండవది పట్టికలో నిలుచును.

పన్నుపై పోరు తెలుగువారికి క్రొత్త గాదు. 1921లో చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట, మునిసిపాలిటీ పన్ను కట్టుట కంటె ఊరు విడుచుటయే మేలని ఇండ్లు వదలి పాకలలో పదునొకండు నెలలు గడపిరి. 1922లో పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున శిస్తు నిరాకరించిరి. నాడు ఎదుట నున్నది పరాయి పాలన. వినుటకు చెవి లేనిది. నేడు మండలిలో కూర్చున్నది మనము ఓటు వేసి పంపినవారే. కావున పన్ను ఎగవేత మార్గము కాదు. చిన్న వర్తకుడు దానివలన జరిమానా పాలగును. ఆనాటివారి నుండి మనము తీసికొనవలసినది వారి ఐకమత్యము, ఓరిమి.

నేతగానికి మేము వేరుగా ఓర్పు నేర్పనక్కరలేదు. పోగు తెగినచోట కోపపడక ముడివేసి, మరల నాడె ఆడించుట అతని నిత్యకృత్యము. వేలాది పోగులు వరుస తప్పక కూడినప్పుడే చీర యగునని అతనికి తెలిసినట్లు మరెవరికి తెలియును? ఈ పనియు అట్టిదే. వచ్చు ఆగస్టు 7వ తేదీ నాటికి ప్రతి మగ్గపుటింట నూలు రసీదుల కట్ట ఒకటి గూటిలో సిద్ధముగా నుండిన, ఉద్యమమునకు పడుగు కట్టినట్లే. పేక వేయుట తరువాతి పని.