ఒక్క ఇల్లు మారితే చాలదు

మేము గిరిజన హాస్టళ్ళలో పిల్లల్ని చూసుకునేవాళ్ళం. సంక్రాంతికి తండాలకూ గూడేలకూ వెళ్ళొచ్చిన పిల్లలు ఏటా ఒకటే చెబుతారు: పత్తి అమ్మినం, దుకాణం బాకీ తీరలేదు. మీలో చాలామంది ఆ మాట వింటూ పెరిగినవాళ్ళే. అందుకే సేంద్రియ సాగు గురించి మాట్లాడేటప్పుడు మేము మట్టితో కాదు, బాకీతో మొదలుపెడతాం.

విత్తనం, ఎరువు, మందు అప్పుకిచ్చేది ఒక్కరే. ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఆయనే, చాలాచోట్ల పంట కొనేదీ ఆయనే. అలాంటప్పుడు మీ నాయన ఒక్కడే "నేను మందు కొట్టను" అంటే వచ్చే ఏడు విత్తనానికి అప్పెవరిస్తారు?

పాల్వంచ మండలం పునుకుల ఊరు ఈ ముడి విప్పింది. 1999 ప్రాంతంలో కొద్దిమందితో మొదలై, 2004 నాటికి ఊరంతా పురుగు మందులు మానేసింది. పంచాయతీయే తీర్మానం చేసింది. వేప కషాయం, లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు వాడారు. మందుల ఖర్చు తగ్గాక బాకీలూ తగ్గాయి.

రెండో ఊరు ఇంకా దగ్గర. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే జనగామ, అక్కడికి దగ్గర్లో లింగాల ఘన్‌పూర్ మండలంలో ఏనబావి. సుమారు 50 కుటుంబాలు. 2006లో రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకున్నారు. ఈ లాలాపేట్ పక్కనే తార్నాక నుంచి పనిచేసిన సుస్థిర వ్యవసాయ కేంద్రం వాళ్ళకు తోడు నిలిచింది. కానీ మొదలు అంతకు ఏళ్ళ ముందే, ఆముదం చేలల్లో ఎర్ర గొంగళి పురుగుతో. తొలి వానలకు నేలలోంచి రెక్కల పురుగులు లేస్తాయి. చేల దగ్గర మంటలు పెడితే వెలుగుకొచ్చి చస్తాయి. ఒక్కరే మంట పెడితే లాభం లేదు. పక్క చేలో పుట్టిన గొంగళ్ళు దండుగా నడిచొస్తాయి. ఊరంతా ఒకే రోజుల్లో పెట్టాలి. కలిసి చేయడం వాళ్ళకు పురుగే నేర్పింది!

ముందు పురుగు మందులు, ఆ తర్వాతే రసాయన ఎరువులు. ఈ వరుస ముఖ్యం. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసి, పంటలు దెబ్బతిని, నవంబరుకల్లా వెనక్కి తగ్గింది. మట్టికి అలవాటు మారడానికి కాలం పడుతుంది. యూరియా ఆపిన చేలో మొదటి రెండు మూడేళ్ళు దిగుబడి తగ్గవచ్చు. ఏడాది పంటలకు సేంద్రియ ధ్రువీకరణ రావాలన్నా రెండేళ్ళ మార్పు కాలం దాటాలి. అంటే మొదట్లో మిగిలేది ధరలో కాదు, ఖర్చులో. రెండెకరాలున్నవాళ్ళు ముందు అరెకరంలో చేయాలని మేమంటాం. ఒకేసారి అంతా మార్చమని చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో తిండిగింజలు లెక్కపెట్టి చెప్పాలి.

"మన తాతలు చేసింది సేంద్రియమే" అని వేదికల మీద అనడం తేలిక. తాతలకు పశువులుండేవి, దగ్గర్లో అడవి ఉండేది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఎడ్లు లేవు. ఎకరానికి జీవామృతం చేయాలంటే 10 కిలోల పేడ, మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, 200 లీటర్ల నీళ్ళు కావాలి. పాలు డెయిరీకి వచ్చేస్తాయిగానీ పేడ ఊళ్ళోనే ఉంటుంది కదా! ఆవు లేని ఇల్లు ఉన్న ఇంటితో పొత్తు కుదుర్చుకోవాలి, లేదా జీలుగ, జనుము చల్లి పూతకు రాగానే దున్నాలి.

మరి పట్నంలో ఉన్న మీరేం చేయాలి? పీజీఎస్ పద్ధతిలో రైతులే గుంపుగా ఒకరి చేలు ఒకరు చూసి ధ్రువీకరించుకోవచ్చు. దానికి కాగితాలు, ఆన్‌లైన్ నమోదు ఉంటాయి. అమ్మానాన్నలకు అది కష్టం, మీకు గంట పని. ఇంటి ఖర్చు లెక్క కూడా రాయండి: ఏ చేలో ఎంత మందు, ఎంత ఎరువు, ఎంత దిగుబడి. రాసి లేకపోతే మూడో ఏట లాభమో నష్టమో ఎవరూ చెప్పలేరు.

ఎండలు తగ్గేవేళ వేపపండ్లు రాలతాయి. సెలవులకు వెళ్ళినవాళ్ళు నింబోళ్ళు ఏరి, కడిగి, నీడలో ఆరబెట్టి ఉంచండి. 5 కిలోల పప్పు దంచి రాత్రంతా నానబెట్టి వడకడితే 100 లీటర్ల కషాయం. పత్తికి పురుగు కనిపించేసరికి అది ఇంట్లో ఉండాలి. అప్పుడు వెతికితే దొరికేది దుకాణమే.