మన కాఫీ గింజకు చిరునామా

(సంఘం వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగం)



ఇంత మంచి ధింసా చూశాక ఉపన్యాసం వినమంటే ఎవరికైనా కష్టమే. అందుకే రెండు సంగతులే మాట్లాడతాను. ఒకటి కాఫీ, రెండోది ఫోను. రెండూ మీ చేతుల్లో ఉన్నవే.

పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన మనం పండించే అరబికాకు ఈరోజు మంచి పేరుంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు సముద్రం దాటింది. పండించిన మనిషి మాత్రం సంత దగ్గరే ఆగిపోయాడు. మన బస్తా సంతలో షావుకారు చేతికి వెళ్తుంది, మరో పది ఊళ్ల బస్తాలతో కలుస్తుంది. అక్కడితో అది ఎవరి తోటదో చెప్పేవాడు ఉండడు. మంచి పండు ఏరి కోసిన ఇంటికీ, పచ్చికాయతో కలిపి దూసిన ఇంటికీ ఒకటే ధర.

ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకోక తప్పని పరిస్థితి వచ్చింది. మన దేశపు కాఫీకి పెద్ద మార్కెట్ యూరప్. అక్కడ 2023లో ఒక చట్టం చేశారు. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నరికిన భూమిలో పండిన కాఫీ, కోకో, రబ్బరు లాంటివి అక్కడ అమ్మకూడదు. పంట ఏ భూమిలో పండిందో అక్షాంశ రేఖాంశాలతో సహా కొనుగోలుదారు చూపించాలి. ఈ చట్టం అమలు రెండుసార్లు వాయిదా పడి 2026 చివరికి వచ్చింది. వాయిదా పడింది కదా అని కూర్చుంటే, గడువు దగ్గరపడే వేళకు వివరాలున్న తోటల సరుకే కొంటారు, లేనివాళ్లది పక్కన పెడతారు. పోడు చేసుకునే మనకు ఈ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

భయపడాల్సిన పని లేదు. ఆ చట్టం ప్రకారం 4 హెక్టార్లు దాటిన తోటకే చుట్టూ హద్దులు గీసి చూపించాలి. అంతకు లోపు ఉంటే ఒక్క బిందువు చాలు, దశాంశం తర్వాత ఆరు అంకెలతో. మన అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే వ్యక్తిగత పట్టాకు పరిమితి కూడా 4 హెక్టార్లే! అది కాకతాళీయమే గాని మనకు కలిసొచ్చింది. ఇంకో మాట. ఆ పట్టా 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే ఇస్తారు. కాబట్టి ఈ భూమి నిన్నమొన్న కొట్టిన అడవి కాదని చెప్పడానికి అది మంచి ఆధారం. పట్టా కాగితాన్ని ట్రంకుపెట్టెలో చెదలకు వదిలేయకుండా ఫొటో తీసి పెట్టండి.

పైనుంచి ఉపగ్రహం చూస్తే మన కాఫీ తోట అడవిలాగే కనిపిస్తుంది. పైన చెట్లు, కింద మొక్కలు, మానుకు పాకిన మిరియాల తీగ. చెట్ల నీడన పంట పండించే తోటను ఆ చట్టం అడవిగా లెక్కకట్టదు. కాని బిందువు తప్పుగా పెడితే ఆ మాట ఎవరు వింటారు? ఇంటి అరుగు మీద కూర్చుని తోట లొకేషన్ పంపకూడదు. తోట మధ్యకు వెళ్లి, కాస్త ఆకాశం కనిపించే చోట నిలబడి, అంకెలు నిలకడగా వచ్చేదాకా ఆగాలి. సిగ్నల్ లేదనకండి. జీపీఎస్‌కు టవర్ అక్కర్లేదు, సిగ్నల్ ఉన్న చోటుకు వచ్చాక పంపుకోవచ్చు. పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని చట్టం చెబుతోంది. తోట నమోదులో కూడా అమ్మ పేరు రాయించండి. పండు కోసేది ఎక్కువగా ఆమే.

బ్లాక్‌చెయిన్ అనే మాట కూడా వింటుంటారు. కాఫీ బోర్డు 2019 మార్చిలో ప్రయోగాత్మకంగా అలాంటి మార్కెట్‌ను మొదలుపెట్టింది. అదేమీ మంత్రం కాదు. ఖాతా పుస్తకం ఒక్కడి దగ్గర కాకుండా అందరి దగ్గరా ఒకే ప్రతిగా ఉంటుంది, రాసిన దాన్ని ఎవరూ చాటుగా కొట్టేయలేరు. అయితే మొదట్లోనే అబద్ధం రాస్తే ఆ అబద్ధమూ చెరగకుండా ఉంటుంది. కాటా దగ్గర రెండు కిలోలు నొక్కేస్తే ఏ కంప్యూటరూ పట్టుకోలేదు. అందుకే చదువుకున్న పిల్లలు నిలబడాల్సిన మొదటి చోటు కాటా పక్కన. బరువు ఫొటో తీయండి, తేదీ రాయండి, రసీదు అడగండి. ఆరు కిలోల పండుకు దాదాపు ఒక కిలో శుభ్రమైన గింజ వస్తుంది. ఈ లెక్క ఇంట్లో అందరికీ రావాలి.

నాకు ఒక్క అనుమానం మాత్రం పోవడం లేదు. పారదర్శకత అంటే ఎవరు ఎవరికి కనిపించాలి? పారిస్‌లో కప్పు కొన్నవాడు ఫోన్లో గీతల గుర్తు చూసి మన తోట చూస్తాడు. బాగానే ఉంది. తోటలో ఉన్నవాడికి అక్కడి ధర కనిపించకపోతే, బట్టలు విప్పి చూపించుకున్నది మనమొక్కరమే అవుతాం. న్యూయార్క్ మార్కెట్ ధర పౌనుకు ఇన్ని సెంట్లని ఫోన్లోనే దొరుకుతుంది. కిలోకు 2.2 పౌన్లు. అది శుభ్రం చేసిన గింజ ధర, మధ్యలో ఖర్చులుంటాయి. అదంతా మనకే రావాలని నేననను. తేడా ఎంతో తెలిసి బేరమాడితే చాలు. అలాగే ఆధార్, పట్టా, తోట లొకేషన్ అడిగిన ప్రతివాడికీ ఇచ్చేయకండి. ఎందుకు తీసుకుంటున్నారో తెలుగులో రాసిమ్మనండి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. జీసీసీ అయినా, స్వచ్ఛంద సంస్థ అయినా, షావుకారయినా ఒకటే పద్ధతి.

నవంబర్‌లో కోత మొదలవుతుంది. ఈలోగా ఊరికి ఇద్దరు చొప్పున, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, పేర్లివ్వండి. ముందు మీ ఇంటి తోటతో మొదలుపెట్టండి, తర్వాత ఫోను లేని ముసలివాళ్ల తోటలకు వెళ్లండి. బయట బల్ల మీద నోటు పుస్తకం ఉంది, భోజనాలకు వెళ్లేలోపు రాసి వెళ్లండి.