మధ్యాహ్నం నీడ ఎవరి చేతిలో ఉంది?

ఈరోజు పట్టాలు అందుకున్న యువ ఇంజనీర్లకు నా అభినందనలు.

ఈ గౌను వేసుకుని పావుగంటైంది. ఫ్యాన్ కింద ఉన్నా వీపు తడిసింది. మీ అవస్థా అదేనని ముఖాలు చూస్తే తెలుస్తోంది. ఇదే వేళకు ఎక్కడో ఒక స్లాబ్ మీద ఇనుప చువ్వలు కడుతున్న కూలీ గురించి రెండు మాటలు చెబుతాను.

ఎండ సంగతి అతనికి మనం కొత్తగా నేర్పేదేం లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది అతని పెద్దల మాటే. తలకు తువ్వాలు, పొద్దున్నే అంబలి అతనికి అలవాటే. అయినా 2015 వేసవిలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు 1,500 మందికి పైగా బలయ్యారు. తెలియక కాదు, ఎప్పుడు నీడకు వెళ్ళాలో తేల్చుకునే వీలు చాలామంది కూలీలకు లేదు.

ఒక్కో పనికి ఒక్కో ఎండ. తారు రోడ్డు వేసేవాళ్ళకు పైన సూర్యుడు, కింద వంద డిగ్రీలు దాటిన కంకర సెగ. సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో నల్లటి బొగ్గు వేడిని పీల్చుకుని తిరిగి కక్కుతుంది. వేటకెళ్ళిన మత్స్యకారుడి కళ్ళకు నీటి మీది తళుకు కూడా దెబ్బే. కోస్తాలో ఉక్కపోతకు చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూసి ధైర్యపడకండి.

ఇంకొకటి. ఎండకు ఒళ్ళు అలవాటుపడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కొత్తగా చేరినవాడికి తొలిరోజే పూర్తి పని అప్పగిస్తే ప్రమాదం.

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటిదాకా ఆరుబయట పని నిషేధం. అక్కడ మన కరీంనగర్ కుర్రాడికి ఆ రెండున్నర గంటల నీడ హక్కు. ఇక్కడ అతని తమ్ముడికి చాలాచోట్ల అది సైట్ ఇంజనీరు దయ.

రేపటి ఆ ఇంజనీర్లు మీరే. స్లాబ్ పని తెల్లవారుజామునే మొదలుపెట్టించండి. చేతికందే దూరంలో నీళ్ళు, నీడ ఉంచండి. విశ్రాంతి తీసుకున్నందుకు కూలి కోయకండి. మాట తడబడినా, అడుగు తూలినా తాగాడనుకోకండి. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, 108కి ఫోన్ చేయండి.

పని షెడ్యూలు మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి మిట్టమధ్యాహ్నం ఆ స్లాబ్ ఎక్కి నిలబడి రండి.